గోత్రం అడిగిన శనివారం

అమలాపురం నుంచి మా ఊరికి బండి మీద గంట దారి. ఆ గంట దారి వెళ్ళడానికి నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది. మధ్యలో వరదలేం రాలేదు, ఎవరూ కర్రలు పట్టుకుని కాపలా కాయలేదు. భయం ఆపింది. ఇప్పుడంటే రాయగలుగుతున్నాను గానీ, అప్పట్లో ఎవరైనా గుడికి రమ్మంటే "నాకు దేవుడంటే నమ్మకం లేదండీ" అని తల ఎగరేసి చెప్పేదాన్ని. బళ్ళో తెలుగు టీచర్ని కదా, మాటలకేం కొదవ? నిజానికి నాకున్నంత నమ్మకం మా స్టాఫ్ రూములో ఇంకెవరికీ లేదు. నమ్మకం లేనిదానికి దీపం చూస్తే అరచేతుల్లో చెమటెందుకు పడుతుంది?

మా నాన్నగారు అర్చకులు. కొత్తపేట దాటి గోదావరి గట్టు వైపు వెళ్తే మా ఊరు, గట్టుకి ఇవతల వేణుగోపాలస్వామి గుడి, గుడిని ఆనుకుని మా ఇల్లు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. తమ్ముడికి అప్పుడు నాలుగు. ఆ తర్వాత నాన్నగారే మడి కట్టుకుని నైవేద్యం వండేవారు, అదే మాకు పెట్టేవారు, నా జడ కూడా ఆయనే వేసేవారు. ఆ జడ ఎప్పుడూ ఎడమ పక్కకి ఒరిగిపోయి ఉండేది. ఆయన మమ్మల్ని ఒక్క దెబ్బ కొట్టలేదు. కోపమొస్తే మాట్లాడడం మానేసేవారు. దానికన్నా రెండు తగిలిస్తే బాగుండునని ఏడ్చేదాన్ని.

ఇరవై ఒక్క ఏళ్ళకి నేనొకర్ని ఇష్టపడ్డాను. కాట్రేనికోన వైపు చేపల వేట చేసుకునే కుటుంబంలో అబ్బాయి. రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పని. ఈ సంగతి నాన్నగారి ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. నోరు పెద్దదే గానీ గుండె పిట్టంత. ఉత్తరం రాసి, ఆయన పొద్దున్నే తిథి చూసుకునే పంచాంగంలో పెట్టి, ఇల్లు దాటేశాను. మర్నాడు రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టుకుని, అమలాపురంలో కాపురం పెట్టాం.

పన్నెండో రోజునో ఏమో, అమలాపురం కూరగాయల మార్కెట్లో మా ఊళ్ళో మా వీధి పెద్దావిడ ఎదురైంది. నన్ను చూసి నాలుగడుగులు వెనక్కి వేసింది.

"ఇంకా నీకు తెలీదుటే? మీ నాన్నగారు నీకు తిలోదకాలు వదిలేసేరు. మొన్న రేవులో నీ పేరు చెప్పి కుండ తన్నేసి, తలారా స్నానం చేసి వచ్చేరు. ఆయ్, నిజమే చెప్తున్నాను. నీ కర్మ!" అంది.

నువ్వులూ నీళ్ళూ వదలడమంటే పోయినవాళ్ళకి చేసేది. బతికున్న మనిషికి అది చేస్తే, ఆ మనిషి ఆ ఇంటికి చచ్చినట్టే లెక్క. నేను ఆవిడ ముందు నవ్వేశాను. "పోన్లెండి, తద్దినం రోజున గారెలు నాకూ పంపమనండి" అన్నాను. ఇంటికొచ్చి వంకాయలు తరగడానికి కూర్చున్నాను. గిన్నె పక్కన పెట్టేసి గోడకి జేరబడిపోయాను.

నాన్నగారు నన్ను వదిలేశారన్న ఏడుపు కొన్నాళ్ళకి తగ్గింది. భయం తగ్గలేదు. ఏ చేత్తో నాకు తిలలు వదిలారో ఆ చేత్తోనే రోజూ స్వామికి అభిషేకం చేస్తారు. ఆ చెయ్యి వదిలేస్తే స్వామి వదిలేసినట్టేనని నా బుర్రలో పడిపోయింది. నాకు పాప పుట్టింది. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు మూడు రోజులు జ్వరం దిగలేదు. దణ్ణం పెట్టుకుందామని చేతులు జోడించాను. జోడించిన చేతుల్ని చూసుకుంటే ఒళ్ళు జలదరించింది. లేని మనిషి దణ్ణం ఎవరు పుచ్చుకుంటారు? పుచ్చుకోకపోతే పోయె, "ఇదింకా తిరుగుతోందా" అని గుర్తుకొచ్చి పిల్ల మీద చూపిస్తే? చేతులు దించేసి, తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాను. జ్వరం తగ్గింది. నా భయం మాత్రం ఆ రోజు నుంచి ఇంట్లో మనిషైపోయింది.

పదో తరగతి పరీక్షల ముందు పిల్లలందరూ పెన్నులు పట్టుకుని అయినవిల్లి వినాయకుడి దగ్గరకి వెళ్తారు. మా పాపా వెళ్తానంది. తండ్రీ కూతుళ్ళని లోపలికి పంపి, నేను బయట చెప్పుల దగ్గర కూర్చున్నాను. "అమ్మా, నువ్వు రావా?" అంటే "నాకు నమ్మకం లేదు కదే" అన్నాను. దాని హాల్ టికెట్ నా చేతిలో ఉంటే అది కూడా వాళ్ళ నాన్నకి ఇచ్చేశాను, నా చెయ్యి తగిలిన కాగితం లోపలికి వెళ్ళకూడదని. చదువుకున్నదాన్ని. పిల్లలకి మూఢనమ్మకాల మీద వ్యాసం రాయించి మార్కులు వేసేదాన్ని. చెబితే సిగ్గుచేటు.

తమ్ముడు మాత్రం ఏడాదికి ఒకటి రెండుసార్లు ఫోన్ చేసేవాడు, గొంతు తగ్గించి, గోడలకి చెవులున్నట్టు. నాన్నగారి మాట వాడెత్తేవాడు కాదు, నేనడిగేదాన్ని కాదు. కిందటి కార్తికంలో ఒక గురువారం చేశాడు.

"అక్కా, నాన్నగారికి చూపు పోతోంది. నీటికాసులట. పోయిన చూపు మళ్ళీ రాదన్నారు డాక్టరుగారు. ఎల్లుండి శనివారమే ఆయన ఆఖరుగా అర్చన చెయ్యడం. ఆదివారం నుంచీ నేనే. ఆయన చేతి మీద తీర్థం పుచ్చుకోవాలంటే ఎల్లుండి రా. నేను చెప్పేనని మాత్రం చెప్పకు."

నేను "చూస్తాలే" అని ఫోన్ పెట్టేశాను. రెండు రోజులు అన్నం సయించలేదు.

వెళ్తే ఏం జరుగుతుంది? లైన్లో నిలబడితే తీర్థమిచ్చి, అందరి తలల మీదా శఠారి పెట్టుకుంటూ వస్తారు. శఠారి అంటే వెండి కిరీటంలా ఉంటుంది, దాని మీద స్వామి పాదాలుంటాయి. ఆ పాదాలు తలకి తగిలితే స్వామి నిన్ను తన మనిషి అన్నట్టు. నాన్నగారు నా దగ్గరికొచ్చేసరికి నన్ను గుర్తుపట్టి, చెయ్యి వెనక్కి తీసుకుని, పక్కావిడ దగ్గరికి వెళ్ళిపోతే? అప్పుడు ఇరవై రెండేళ్ళు నేను భయపడ్డదంతా నిజమని ఊరందరి ముందూ తేలిపోతుంది. వెళ్ళకపోతే తేలదు. తేలకుండానే బతికెయ్యొచ్చు. కానీ ఆదివారం నుంచి ఆ చెయ్యి ఉండదు. అడకత్తెరలో పోకచెక్కయింది నా పని.

మా ఆయన అంతా విని, "దేవుడు లేడన్నావుగా, మరి ఎందుకా వణుకు?" అన్నారు. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేశారు. "పద, దింపుతాను. నేను బయటుంటాను. పెట్టకపోతే తిరిగొచ్చేద్దాం. బండి స్టార్ట్ చేసే ఉంచుతాను" అన్నారు.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. ముక్కామల దగ్గర బండి ఆపించి కొబ్బరికాయ కొన్నాను. కోనసీమ పిల్లని, కాయ ఊపితే లోపల నీళ్ళెంతున్నాయో చెప్పగలను. అలాంటిది నాలుగు కాయలు ఊపాను, అయిదోది ఊపాను, మళ్ళీ రెండోది తీసుకున్నాను. కొట్టువాడు విసుక్కుని, "అమ్మగారూ, కాయేనండీ అది, పెళ్ళికొడుకు కాదండి" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. కాయ కుళ్ళితే ఏమిటన్నదే నా గోల. కొత్తపేట దాటాం. గట్టు కనిపించగానే "వెనక్కి తిప్పెయ్యండి" అన్నాను. ఆయన వినిపించనట్టే పోనిచ్చారు.

గుడి ముందు కొత్తగా రేకుల పందిరి వేశారు. అరుగులు మాత్రం అవే. నేను చెంగు తల మీదుగా కప్పుకుని ఆడవాళ్ళ లైన్లో నిలబడ్డాను. నా ముందు ఒక ముసలావిడ, వెనక చంటిపిల్లతో ఒకమ్మాయి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు దగ్గినా నన్నే చూస్తున్నారని ఉలిక్కిపడుతున్నాను. అర్చన టికెట్ చేతిలో మెత్తబడిపోయింది.

లోపల్నుంచి నాన్నగారి గొంతు వినిపించింది. సన్నబడింది. అక్షరం మాత్రం ఎక్కడా జారలేదు.

గుమ్మం దగ్గర పళ్ళేలు అందుకుంటున్నది తమ్ముడే. నన్ను చూడగానే వాడి మొహం పాలిపోయింది. పళ్ళెం తీసుకుని, కాయ తీసి రాయి మీద కొట్టాడు.

కుళ్ళిపోయి ఉంది.

వాసన గుప్పుమంది. నా ముందున్న ముసలావిడ "అయ్యయ్యో" అంది. వెనకమ్మాయి పిల్లని అటు తిప్పుకుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అయిదు కాయలు ఊపి మరీ ఏరుకొచ్చాను! ఇంక వేరే జవాబు కావాలా? వెళ్ళిపోదామని వెనక్కి తిరిగాను. వెనక జనం. ఇటు చూస్తే గర్భగుడి గుమ్మంలోకి నాన్నగారు వచ్చి నిలబడి ఉన్నారు.

మనిషి సగమైపోయారు. భుజాల ఎముకలు బయటికొచ్చాయి. కళ్ళు మా తలల మీదుగా ఎక్కడో చూస్తున్నాయి.

"కాయ కుళ్ళిందాండీ? ఫర్వాలేదండి, ఏం కంగారు పడకండి. దోషమేదో కాయతో పోయిందనుకోండి. స్వామి కాయలు లెక్కపెట్టుకోడండి" అన్నారు అందరికీ వినపడేలా. ఆ మాట వచ్చినవాళ్ళందరికీ చెబుతారని నాకు తెలుసు. చిన్నప్పుడు వందసార్లు విన్నాను. అయినా వెళ్ళిపోకుండా నిలబడ్డాను.

తర్వాత నా వైపుగా తల వంచి అడిగారు. "గోత్రం చెప్పండమ్మా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలియదా? తెలుసు. కాయ గురించి అంత ఆలోచించినదాన్ని దీని గురించి ఆలోచించలేదు. ఆయన గోత్రం చెప్పే హక్కు నాకు పోయింది, ఆయనే తీసేశారు. మా ఆయన వాళ్ళ ఇంట్లో గోత్రాల ఊసెవరూ ఎత్తరు.

"తెలీదండీ" అన్నాను, గొంతు మార్చి.

"ఆయ్. తెలియకపోతే కాశ్యపం చెప్పుకోవచ్చండి. పేరు?"

నా నోట్లోంచి మా అమ్మాయి పేరు వచ్చింది. కన్నతండ్రి ముందు, స్వామి ముందు, గర్భగుడి గుమ్మంలో అబద్ధం. చచ్చినదాన్ని ఎలాగూ చచ్చాను, ఇంక నరకమొక్కటే తక్కువ అనుకున్నాను. నాన్నగారు ఆ పేరుతోనే అర్చన మొదలుపెట్టారు. తులసి దళాలు తడుముకుంటూ ఒక్కొక్కటే వేస్తున్నారు. నేను కళ్ళు మూసుకున్నాను. స్వామి మొహం చూడలేదు. చూస్తే ఏం కనిపిస్తుందోనని భయం.

హారతి ఇచ్చారు. తమ్ముడు పళ్ళెం నా ముందుకి తెచ్చాడు. కర్పూరం పొగ ముక్కులోకి వెళ్ళగానే దగ్గొచ్చింది. చిన్నప్పటి నుంచీ అంతే. ఆపుకుందామనుకున్నకొద్దీ ఎక్కువైంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేదాకా దగ్గాను.

గంట ఆగింది. నాన్నగారు అటు తిరిగి ఉన్నవారు అలాగే ఉండిపోయారు.

ఆయన మళ్ళీ దళాలు చేతిలోకి తీసుకున్నారు. మళ్ళీ మొదటి నుంచి సంకల్పం చెప్పడం మొదలుపెట్టారు. ఈసారి కాశ్యపం అనలేదు. తన గోత్రం చెప్పారు. నా నక్షత్రం, పాదంతో సహా చెప్పారు. నా పేరు చెప్పారు, ఇంట్లో పిలిచేది కాదు, బారసాలనాడు పెట్టిన పూర్తి పేరు. గొంతు తగ్గించలేదు. ముసలావిడ చప్పున వెనక్కి తిరిగి నా చెంగులోకి తొంగి చూసింది.

అప్పటికి కూడా నాకు సంతోషం రాలేదు. ఇది చదివేవాళ్ళకి వింతగా ఉండొచ్చు. గుర్తుపట్టారన్న భయం ఒక్కటే. గుర్తుపట్టి, పేరుపెట్టి పిలిచి, అందరి ముందూ వెళ్ళమంటారనుకున్నాను. తీర్థం ఇచ్చారు. నా చెయ్యి ఎంత వణికిందంటే సగం కింద పోయింది. తర్వాత శఠారి తీసుకున్నారు. ఎడం చేత్తో గాలిలో వెతికి నా తల ఎక్కడుందో చూసుకున్నారు. చెంగు మీదుగా పెట్టారు. చల్లగా, బరువుగా తగిలింది. అందరి తలల మీదా తాకించి తీసేస్తారు, నా తల మీద అలాగే ఉంచేశారు. వెనక చంటిపిల్ల ఏడుపు మొదలుపెట్టాక తీశారు.

"అరుగు మీద కూర్చో. గుడి కట్టేసేక వస్తాను. వెళ్ళిపోకు" అన్నారు. అంతే, పక్కావిడ దగ్గరికి వెళ్ళిపోయారు.

గుడి మూసేదాకా మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలు నేను అరుగు మీద ఎలా కూర్చున్నానో ఆ స్వామికే తెలియాలి. శఠారి పెట్టారు, సరే. అది అర్చకుడి పని. లైన్లో నిలబడ్డ ఎవరికైనా పెట్టాల్సిందే. ఇప్పుడు తండ్రిగా వస్తారు. "స్వామి ఎదుట కాదనలేక పెట్టేను, ఇంక ఈ గడప తొక్కకు" అంటే? మా ఆయన పందిరి బయట, చెప్పుల పక్కన బండి మీద కూర్చుని, ఏమైందని చేత్తో అడుగుతున్నారు. నేను తల అడ్డంగా ఊపానో నిలువుగా ఊపానో నాకే తెలియదు. ఆయన మాత్రం బండి ఇంజను ఆపేశారు.

తలుపులు వేసిన చప్పుడైంది. తమ్ముడు చెయ్యి అందివ్వబోతే వద్దని, గోడ పట్టుకుని నాన్నగారు నడిచొచ్చారు. మడి పంచెతోనే అరుగు చివర కూర్చున్నారు. నేను లేచి నిలబడ్డాను. కాళ్ళకి దణ్ణం పెట్టాలని వంగి, మడితో ఉన్నారని గుర్తొచ్చి ఆగిపోయాను.

"గోత్రం తెలీదన్నావేం?" అన్నారు.

నేను చెంగు తల మీంచి తీసేశాను.

"నేను నీకు కన్యాదానం చేసేనా? చెయ్యలేదు కదా. కన్యాదానం చెయ్యని పిల్ల గోత్రం ఎక్కడికి పోతుంది? ఆ మాత్రం తెలీదూ, ఈ ఇంట్లో పెరిగేవు."

"మీరు తిలోదకాలు వదిలేరు కదండీ" అన్నాను. ఇరవై రెండేళ్ళుగా గొంతులో అడ్డంపడ్డ మాట. అంత చిన్నగా వస్తుందనుకోలేదు.

ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు.

"వదిలేను. వదలకపోతే స్వామిని ముట్టుకోనివ్వం అన్నారు పెద్దలు. స్వామి కోసమే కదా అనుకున్నాను. స్వామి అడిగేడా? అడగలేదు. నేనే ఆయన పేరు చెప్పి నా భయం తీర్చుకున్నాను. ధర్మశాస్త్రం పుస్తకం తీసి, ఎలా వదలాలో చూసి, ఆ పేజీ వరకే చదివి మూసేసేను. నాలుగేళ్ళు పోయేక ఇంకెవరికో ఏదో చెప్పాల్సొచ్చి అదే పుస్తకం తీసేను. వదిలే పద్ధతి ఏ పేజీలో ఉందో, మళ్ళీ కలుపుకునే పద్ధతి దాని పక్క పేజీలోనే ఉంది. కొత్త కుండ నిండా నీళ్ళు పట్టుకుని, అయినవాళ్ళందరూ కలిసి నదిలో మునగడం. అంతే. ఆ రోజు ఒక్క పేజీ తిప్పలేదు నేను."

"మరి నాలుగో ఏడే పిలవచ్చు కదా నాన్నగారూ!" నాకు కోపం వచ్చేసింది. అన్నేళ్ళ తర్వాత ఆయన మీద అరిచాను, గుడి అరుగు మీద. "పద్దెనిమిదేళ్ళు! అమలాపురం ఎంత దూరమండీ? నా పిల్ల జ్వరంతో పడుంటే దణ్ణం పెట్టుకోడానికి కూడా భయపడి చచ్చేను!"

"భయమేసిందమ్మా."

"మీకా?"

"నువ్వు రానంటావేమోనని. చచ్చినదాన్ని ఇప్పుడెందుకు పిలుస్తున్నారంటావేమోనని. కన్నకూతుర్ని చంపేసేనన్న భయం ఒకటీ. రోజూ తెల్లారగట్ల గుడి తాళం తీసేటప్పుడు చెయ్యి వణికేది. ఈవేళ తాళం రాదు, ఈవేళ స్వామి నన్ను లోపలికి రానివ్వడు అనుకునేవాణ్ణి. ఒక్క రోజు కూడా రాకుండా పోలేదు. నీళ్ళు వదిలిన ఈ చేత్తోనే అభిషేకం చేయించుకున్నాడు, ఈ చేత్తో పెట్టిందే తిన్నాడు. దారి తప్పింది నువ్వు కాదు తల్లీ. నేను తప్పేను. నన్నే వదలనివాడు నిన్నెందుకు వదులుతాడు?"

నాకు ఏడుపు వచ్చింది. ఆయనకీ వచ్చింది, చూపు లేని కళ్ళ నుంచి నీళ్ళు ఆయనకి తెలియకుండానే కారిపోతున్నాయి. ఆయన తుడుచుకోలేదు. మా ఇద్దరి భయాలూ ఒకటేనని, ఒకే దేవుడి గుమ్మానికి లోపల ఆయనా బయట నేనూ అదే వణుకు వణికామని అప్పుడు తెలిసింది.

తమ్ముడు పక్క నుంచి, "ఫోన్ కూడా నాన్నగారే చెయ్యమన్నారక్కా. నేను రమ్మన్నానంటే రాదు, దొంగచాటుగా చెప్పినట్టు చెప్పు, వస్తుంది అన్నారు" అన్నాడు.

"వీడి నోట్లో నువ్వుగింజ నానదు" అని విసుక్కున్నారు నాన్నగారు. తర్వాత గొంతు సవరించుకుని, "అతనొచ్చేడా?" అన్నారు.

"వచ్చేరండి. బయట, చెప్పుల దగ్గరున్నారు."

"చెప్పుల దగ్గరా? అల్లుడుగారిని ఎండలో చెప్పుల దగ్గర కూర్చోబెట్టేవా? ఇదేం మర్యాదే? మంచినీళ్ళైనా ఇచ్చేరా ఎవరన్నా? ఒరే, వెళ్ళి తీసుకురారా!"

తమ్ముడు పరుగెత్తాడు. మా ఆయన చొక్కా గుండీలు సర్దుకుంటూ, ఉద్యోగం ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాడిలా వచ్చి నిలబడ్డారు. నాన్నగారు గొంతు వినిపించిన వైపు తిరిగి చేతులు జోడించారు. "దయచెయ్యండి బాబూ. ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి" అన్నారు. మా ఆయన "ఫర్వాలేదండి" అన్నారు. ఇరవై రెండేళ్ళ ఆలస్యానికి ఆ మాట! తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

కొత్త కుండ ఇంట్లో సిద్ధంగానే ఉంది. తమ్ముడు దాన్ని ఎత్తుకుని ముందు నడిచాడు. మేము గట్టెక్కి రేవులోకి దిగాం. కార్తిక స్నానాలవాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. ఒడ్డున అరటిదొన్నెలు మిగిలున్నాయి. అప్పట్లో నీళ్ళు వదలమన్న పెద్దలెవరైనా చూస్తే నాన్నగారిని ఏమంటారోనని నేను గట్టు వైపు చూస్తూనే ఉన్నాను. ఎవరో ఇద్దరు నిలబడి చూశారు కూడా. నాన్నగారికి కనిపించలేదు, నేను చెప్పలేదు.

రేవు మెట్లు వరదల తర్వాత పాకుడు పట్టి ఉన్నాయి. నలభై ఏళ్ళకి పైగా రోజూ దిగిన మెట్లే. నాన్నగారు మొదటి మెట్టు మీద నిలబడిపోయారు. కుడికాలు చాపి రెండో మెట్టు కోసం వెతుకుతున్నారు, అందడం లేదు. తమ్ముడు అప్పటికే నీళ్ళలో ఉన్నాడు, చేతుల్లో కుండ. ముంచిన నీళ్ళ బరువుకి వాడు కదల్లేకపోతున్నాడు.

"అమ్మా" అన్నారు నాన్నగారు. "ఎక్కడున్నావు? నాకు భయమేస్తోంది. పట్టుకో."

మడి పంచెతో ఉన్న మనిషి. మా చిన్నతనంలో ఆ వేళప్పుడు మా గాలి తగిలినా మళ్ళీ స్నానం చేసేవారు. ఒక్క క్షణం నా చెయ్యి వెనక్కే ఉండిపోయింది. తర్వాత రెండు చేతులతో ఆయన జబ్బ పట్టుకున్నాను. చేతిలో ఎముక తప్ప ఏమీ లేదు. కింద నీళ్ళు జోరుగా ఉన్నాయి. జారితే ఈ మనిషి నాకు దక్కరని, ఇప్పుడే దొరికారని, మళ్ళీ భయం మొదలైంది. పొద్దుటి భయం కాదిది.

"వదలకు" అన్నారు.

"వదలనండి" అన్నాను.